చిలక కొట్టింది ఊరిది

జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరికీ నడుమ, పెన్న గట్టున మా ఊరి మామిడితోట ఉంది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఊళ్లో పొయ్యి వెలిగే ప్రతి ఇంటికీ దాంట్లో వంతు ఉండేది. కాయలు దింపిన రోజు ఇంటికొక కుప్ప చొప్పున పంచుకునేవాళ్లం. కుప్పలు వేసే పని నాది. నేను పులివెందుల నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. బడి మెట్టు ఎక్కలేదు. చింతగింజలు నేల మీద పేర్చుకుంటూ భాగహారం సొంతంగా నేర్చుకున్నాను. పెద్దకాయ, చిన్నకాయ, దెబ్బ తిన్న కాయ అన్ని కుప్పల్లోకీ సమంగా పడాలి. అందుకు ఊరు పెట్టిన కట్టుబాటు ఒకటే. కుప్పలు వేసిన మనిషి అందరికంటే చివర ఎత్తుకోవాలి. మిగిలేదే మనదని తెలిసినప్పుడు చెయ్యి దానంతటదే సరిగ్గా పంచుతుంది.

ఏటి వైపు చివరి వరసలోని ఏడు చెట్లను మాత్రం ఎవరూ దింపేవాళ్లు కాదు. దాన్ని చిలకల వరస అనేవాళ్లం.

పుష్యమాసంలో పూత మొదలయ్యేది. తేనెమంచు పట్టిన ఏడాది ఆకులన్నీ జిగటగా మెరిసి పూత మాడిపోయేది. పట్టని ఏడాది తేనెటీగల రొద గట్టు మీదికి వినిపించేది. పిందె కట్టగానే ఉడతలు దిగి కొరికింది కొరికినట్టు పడేసేవి. ఎండలు ముదిరి కాయ రంగు తిరిగే వేళకు గండికోట కొండల వైపు నుంచి చిలకలు గుంపులుగా వచ్చి ఆ చివరి వరస మీద వాలేవి. చిలక ఏ పండునూ పూర్తిగా తినదు. కాస్త పొడిచి పక్కదానికి పోతుంది. నా అంచనాలో పావు వంతు దాని పొట్టకు, ముప్పావు నేల మీదికి. మా ఊళ్లో దానికి ఎంగిలి పట్టింపు లేదు. చిలక కొట్టిన పండు ఎవరికి దొరికితే వాళ్లది. గొర్రెలు తోలుకొచ్చినవాళ్లు తినేవాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు అడిగి తెప్పించుకునేవాళ్లు. పొద్దుగూకాక మిగిలింది నక్కలదీ ముళ్లపందులదీ.

పంచాయతీ ఎన్నికలు జరిగి, నాకు వరసకు మరిది అయ్యే ఆయన ప్రెసిడెంటు అయ్యాడు. బడికి పైకప్పు లేదు, తోటను గుత్తకిస్తే కప్పు పడుతుంది అన్నాడు. బడికి కప్పు వద్దని నేను మాత్రం ఎట్లా అంటాను? కానీ గుత్తకు పోయిన తోటలోకి ఊరివాళ్లు కాలు పెట్టలేరు. కుప్పలు పోతే పోయాయి, చిలకలు పడేసింది కూడా పోతే ఊరికి ఆ తోటతో మిగిలే సంబంధం నీడ ఒక్కటే. అందుకే చావడి దగ్గర ప్రొద్దుటూరు గుత్తదారుతో మాటలు జరుగుతుంటే, ఆడవాళ్లు నిలబడ్డ గోడ పక్క నుంచి నేను ముందుకొచ్చి, చిలక కొట్టిన పండు ఊరిదేనని ఒప్పందంలో ఉండాలన్నాను.

మా మరిదికి నవ్వొచ్చింది.

"ఏంది వదినా, చిలకలకు ఓట్లుండాయా?"

"వాటికి లేవబ్బీ. నాకుండాది."

చావడిలో ఇంకొందరు నవ్వబోయి ఆగారు. చిలక కొట్టినదాన్ని తాను మాత్రం ఏ సంతలో అమ్ముతానని గుత్తదారు తేలిగ్గా ఒప్పుకున్నాడు. కాయ అతనిది, చిలక కొట్టింది ఊరిది అని పదిమందిలో అనుకున్నాం. చివరి వరసను దింపకూడదని ఎవరూ అనలేదు. దింపకూడదని మా ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు కాబట్టి, అది చెప్పాల్సిన మాట అని ఒక్కరికీ తోచలేదు. గుత్తదారు మా ఊరివాడు కాడు.

మొదటి ఏడు బాగానే గడిచింది. బడికి కప్పు పడింది. రెండో ఏడు వానలు లేక కొండ మీద ఏమీ కాయలేదు. చిలకలు ఏటా వచ్చేదానికంటే ముందుగా, ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చాయి. వడిసెల రాళ్లతో తోలినా చుట్టు తిరిగి మళ్లీ వాలేవి. పండ్లు ఏరుకునే వంకన ఎవరూ కాయ కోయకుండా గుత్తదారు ఏటి వైపు ముళ్లకంప నాటించాడు. అయినా చిలకలతో నష్టం ఆగక, ఒకరోజు తెల్లవారగానే కమలాపురం వైపు నుంచి కూలివాళ్లను దించి, చిలకల వరసను పచ్చికాయ మీదే దింపేయమన్నాడు. చిలక కొట్టకముందు అది కాయే, కాయ తనదే. మాట ప్రకారం చూస్తే అతని లెక్కలో తప్పు లేదు.

కాయలు దింపే దోటీలతో కూలివాళ్లు తోట వైపు పోతుంటే చూసి, నేను ముళ్లకంప పక్కకు లాగి లోపలికి వెళ్లాను. మొదటి చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చున్నాను. ఆడమనిషి కింద కూర్చున్న చెట్టును మగవాడు ఎక్కడు. మా సీమలో ఏ ఊరి కూలివాడికైనా ఆ మాత్రం మర్యాద ఉంటుంది. వాళ్లు దోటీలు పట్టుకుని దూరంగా నిలబడిపోయారు.

గుత్తదారు వచ్చి, కాయ నాదని నీ నోటితో నువ్వే చెప్పినావు కదమ్మా, లెయ్ అన్నాడు.

"నీదే అప్పా. కోసుకోవద్దంటినా? నీడకు కూర్చున్యా, అంతే."

అతను ప్రెసిడెంటు కోసం పరుగెత్తాడు. ఆలోపు ఊళ్లో ఆడవాళ్లకు తెలిసింది. ఒకరు పత్తి తెచ్చుకున్నారు, ఒకరు పసిబిడ్డను. మా మరిది వచ్చేసరికి ఏడు చెట్ల కిందా మనుషులున్నారు. మూడో చెట్టు కింద ఆయన భార్య చేటలో కొర్రలు చెరుగుతూ ఉంది.

"నువ్వేందే ఈడ?" అన్నాడు.

ఆమె చేట ఆపలేదు. "ఇంట్లో ఉక్కగా ఉండాది. మాపటికి వస్తా. రాకుంటే సంగటి నువ్వే కెలుక్కో."

కూలివాళ్లలో ఒకడు మొహం అటు తిప్పుకున్నాడు. మా మరిది నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. నేను కూడా చూపు దించలేదు. బడికి కప్పు ఆయన వేయించాడు, కాదనను. ఈ ఏడు చెట్లు వదిలినంత మాత్రాన ఆ కప్పు కూలిపోదని మాత్రం అన్నాను. ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆ పూట నుంచి వంతులు నేనే వేశాను. వంట ఆగకూడదు, పొలం పని ఆగకూడదు, ఏ చెట్టూ ఖాళీగా ఉండకూడదు. కుప్పలు వేయడం కంటే అదేమీ కష్టమైన లెక్క కాదు. రాత్రిపూట కాపలా అక్కర్లేకపోయింది. ఆ వరసలో రక్తపింజర్లు తిరుగుతాయని కూలివాళ్లకు ఎవరో చెప్పారు. తిరిగేవి కూడా.

కాయ రంగు తిరిగింది. ఒక పొద్దున చిలకలు వాలి, కొమ్మల్లో రెక్కల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. మొదటి పండు మా తోడికోడలి చేటలో పడింది. ఆ ఏడు చిలకలు పడేసిన పండ్లతో మళ్లీ ఇంటికొక కుప్ప వేశాను. ప్రెసిడెంటు ఇంటికి కూడా. గుత్తదారు ముళ్లకంప అవతల నిలబడి చూశాడు. చివర మిగిలిన కుప్ప నేను ఎత్తుకుని, అతని ముందు నుంచే ఇంటికి నడిచాను.

మా మరిది ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఏటేటా కొత్త గుత్తదారు వచ్చినప్పుడు, గోడ వైపు చూస్తూ, ఎవరికన్నా చెప్పేదుంటే చెప్పమని మాత్రం అంటాడు. నేను ముందుకొచ్చి, చివరి వరసలో ఏడు చెట్లు గుత్తలో లేవని పైకి చెబుతాను. ఈ ఏడూ చెబుతాను. కాదన్న రోజు కూర్చోవడానికి మొదటి చెట్టు కింద నా చోటు నాకు తెలుసు.