ముద్దనూరు ఎత్తులో వదిలేసిన రాళ్లు

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. లారీలో వేసే బండల బరువు కాదు. దానికి దించే చోటు ఉంటుంది. దీని సంగతి మా ఇంట్లో తెలియదు. లారీ స్టాండులో తెలియదు. తెలియాల్సిన మనిషికి అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెబుతున్నాను.

నేను మొదటినుంచీ డ్రైవరును కాను. ఎర్రగుంట్ల దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా, ఫ్యాను కింద కుర్చీ. నాకు నలభై దాటాక మనుషులను తగ్గించారు, నా కుర్చీ పోయింది. ప్రొద్దుటూరులో ఇంకో కుర్చీ కోసం తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. చివరకు ముద్దనూరు మౌలాలి మామ తాను తోలే లారీ స్టీరింగు నా చేతికిచ్చాడు. మా మధ్య చుట్టరికం లేదు. మా ఆఫీసుకు లోడు కాగితాల కోసం వచ్చేటప్పుడు అయిన పరిచయం, అంతే. తోలడం నేర్పాడు, లైసెన్సు వచ్చేదాకా నన్ను వదల్లేదు, తన ఓనరు దగ్గరే ఇంకో పాత బండి ఇప్పించాడు. ఏ పనైనా పనే, సిగ్గెందుకని అందరితో అనేవాణ్ణి. అది నిజమని నేనూ నమ్మాను.

బండి రోడ్డు మీద చెడిపోతే వెనక కొంత దూరంలో పెద్ద రాళ్లు, కంపకొమ్మలు అడ్డం పెడతాం, వచ్చేవాళ్లు చూసుకోవాలని. బాగయ్యాక చాలామంది వాటిని అట్లాగే వదిలేసి పోతారు. మామకు అది గిట్టదు. “బండి కదిలిచ్చేముందు రాయి తీయాల. తీయనోడు డ్రైవరే కాదప్పా” అని మొదటి రోజే చెప్పాడు.

ఒక సాయంత్రం బండల లోడుతో పులివెందులకు పోతున్నాను. ముద్దనూరు దాటాక ఎత్తు ఎక్కుతుంటే డీజిల్ పైపు పగిలింది. క్లీనరు లేడు. నేనే రాళ్లు పెట్టి మామకు ఫోను చేశాను. కొత్త పైపు తీసుకుని బైకు మీద వస్తున్నానన్నాడు. ఈలోగా దారిన పోయే డ్రైవరెవరో ఆగి, తన దగ్గరున్న పైపు ముక్క బిగించి వెళ్లిపోయాడు. రావద్దని చెబుదామంటే మామ ఫోను ఎత్తలేదు. సరే, రాళ్లు తీద్దామని వెనక్కి నడిచాను.

అప్పుడే కింద మలుపులో మా పాత ఆఫీసు బస్సు కనిపించింది.

ఏళ్లపాటు వాళ్లతో కలిసి టిఫిన్ డబ్బాలు విప్పినవాణ్ణి. డీజిల్ చేతులతో, మాసిన లుంగీతో, నడిరోడ్డు మీద వంగి రాళ్లు మోస్తూ వాళ్ల కంట పడాలా? పరుగున వచ్చి క్యాబిన్ ఎక్కాను. బండి కదిలించి మొహం అటు తిప్పుకున్నాను. బస్సు నన్ను దాటిపోయింది. ఎవరూ చూడలేదు. వాళ్లు పోయాకైనా ఆపి దిగవచ్చు కదా? లోడు బండిని ఎత్తులో మళ్లీ ఆపడం కష్టమని నాకు నేనే చెప్పుకున్నాను. కష్టమే. చేతకానిదేం కాదు.

మసక చీకట్లో మామ బైకు ఆ రాళ్లకే తగిలింది. నా కోసం పైపు తెస్తున్న మనిషి ఎడమ మోకాలు నుజ్జయింది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడ్డాను.

“నీ బండి ఆగింది ఆడనేనా?” అని అడిగాడు మామ.

“కాదు మామా, ఇంకా శానా పైన.”

“రాళ్లు తీసే పోయినావు గదా?”

“తీసినా మామా.”

“నాకు తెలుసులేప్పా. ఆఫీసులో పనిచేసినోడివి, నీ పద్ధతే వేరే. ఇది ఎవడో చేతగానోడు చేసిన పని.”

ఆయన అడిగింది అనుమానంతో కాదు. నా నోటితో విని, ఆ మాట పట్టుకుని నలుగురితో నన్ను వెనకేసుకు రావడానికి. ఈ సంగతి నాకు తర్వాత అర్థమైంది. అర్థమయ్యాకైనా నోరు విప్పానా?

ఆ కాలు మళ్లీ క్లచ్ తొక్కలేదు. ఓనరుకు చెప్పి తన బండిని నాకు ఇప్పించింది కూడా మామే. రాళ్లు వదిలేయడం ఒక్కసారి చేసిన తప్పు. దానికైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడేమో. ‘తీసినా’ అన్న మాట అట్లా కాదు, ఆయన సీట్లో కూర్చున్న ప్రతిసారీ దాన్ని మళ్లీ చెబుతున్నట్టే.

సాయంత్రాలు స్టాండులో టీ బంకు దగ్గర కూర్చుని ఉంటాడు. నేను వస్తే కర్ర ఊతంతో లేచి, బండి చుట్టూ తిరిగి టైర్లు తడిమి చూస్తాడు. కొత్తగా వచ్చిన డ్రైవర్లకు నన్ను చూపించి, నేర్చుకుంటే ఈయప్పను చూసి నేర్చుకోండి అంటాడు. అప్పుడు నా చేతిలో టీ గ్లాసు ఉంటుంది. మొదట్లో గొంతు దిగేది కాదు. ఇప్పుడు దిగుతోంది. అదే నాకు భయం.

మామకు చదువు రాదు. ఇది ఆయన చేతిలో పడినా చదవలేడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నానా? అవును, అదీ ఒప్పుకోవాలి. ఎదుట నిలబడి చెప్పే గుండె నాకింకా లేదు, వస్తుందని మాటా ఇవ్వలేను. రేపు మళ్లీ ఆయన బండే ఎక్కుతాను, అదే ఎత్తు ఎక్కుతాను. రాసినందుకు గుండె కొంచెం తేలికపడింది. తేలికపడినందుకు సిగ్గుగానూ ఉంది. ఆ రోజు మంచం పక్కన చెప్పాల్సిన జవాబు మాత్రం ఇది.

తీయలేదు మామా. ఆ రాళ్లు నావే.