సాయంత్రానికి తిరిగొచ్చిన అన్న పావురాలు

మా అన్న రేవు పక్కనే రాయపురంలో మా మేడ మీద పందెం పావురాలు పెంచుతాడు. చాలాకాలంగా దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఊరెళ్తే తగ్గేది, ఇంటికి రాగానే తిరగబెట్టేది. రేవు గాలి పడటం లేదనుకున్నాం. పోయిన వారం స్కాన్ చూసిన డాక్టరమ్మ మొదట అడిగింది, ఇంట్లో పక్షులున్నాయా అని. ఈకల పొడి, రెట్టల దుమ్ము పడక ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయట. పాడైంది బాగుపడదు, పావురాలకు దూరంగా ఉంటే మిగిలిందైనా దక్కవచ్చు అంది.

ఈ రోజు పొద్దున వాటిని బుట్టల్లో పెట్టి ఊరికి ఆ చివర షోళింగనల్లూరులో అన్న స్నేహితుడికి ఇచ్చి వచ్చాను. అన్న గదిలోంచి బయటికి రాలేదు. ఆ స్నేహితుడు గూడు తలుపు సరిగా వేయలేదో ఏమో, సాయంత్రం మా మేడ మీద రెక్కల చప్పుడు. ఎంత దూరం నుంచైనా ఇల్లు చేరడం వాటికి అన్నే నేర్పాడు. చప్పుడు వినగానే మెట్ల దగ్గరికి నడిచాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"వద్దన్నా. డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"ఆడ నీళ్ళు కూడా తాగుండవు పాపా. ఒక్కసారి చూసి దిగొచ్చేస్తా."

అంతలోనే దగ్గు తెర వచ్చి గోడకు ఆనుకున్నాడు. మాస్కు కట్టుకుని నేనే పైకెళ్ళి నీళ్ళు పెట్టాను. అవి నా దగ్గరికి రాలేదు.

రేపు మళ్ళీ పట్టి పంపాలి. ఈసారి కొన్నాళ్ళు బయటికి వదలకుండా గూట్లో మూసే ఉంచాలని ఆ స్నేహితుడు అన్నాడు. పందెం పావురాల్ని కొత్త చోటికి అలవాటు చేసిన వాళ్ళెవరైనా ఉంటే త్వరగా చెప్పండి. దుమ్ము లోపలికొస్తుందన్నా మా అన్న తన గది కిటికీ మూయనివ్వడం లేదు.