రెండోసారి చూడని తప్పు

ప్రభువు నాకు చేసిన మేలును దాచుకునే హక్కు లేదు గనుక, సిగ్గుతోనే ఈ మాటలు మీ ముందు పెడుతున్నాను సహోదరులారా! నేను డాక్టర్ని. నా అహంకారంతో ఒక మనిషి చావుకు కారణమైనదాన్ని, ఆపైన అతని భార్యతో అబద్ధమాడినదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు రోజులవి. గుంతకల్లు రోడ్డు మీద ఒక చిన్న ఆసుపత్రిలో ఎమర్జెన్సీ డ్యూటీ చేసేదాన్ని. దెబ్బలు తగిలి వచ్చినవాళ్లకు పొట్ట లోపల రక్తం కారుతోందేమో మంచం దగ్గరే స్కానింగ్ మిషన్‌తో చూడటం అప్పుడే నేర్చుకున్నాను. కాలేయం పక్కన, ప్లీహం పక్కన, మూత్రాశయం వెనుక, గుండె చుట్టూ చూడాలి. రక్తం చేరితే తెర మీద నల్లగా కనిపిస్తుంది. నాకు నేర్పిన పెద్ద డాక్టరుగారు ఒకే మాట పదేపదే చెప్పేవారు, మొదటిసారి కనిపించకపోతే లేదని కాదమ్మా, ఇంకా చేరలేదేమో, కాసేపాగి మళ్లీ చూడు అని. నేనేమో రెండు నిమిషాల్లో చూసి చెప్పేస్తానని పేరు తెచ్చుకున్నాను, ఆ పేరు నా తలకెక్కింది!

ఒక ఉదయం వజ్రకరూరు వైపు పల్లె నుంచి ఓబులేసు అనే రైతు వచ్చాడు. ఊళ్లో గొడ్లకు మేత లేక దూరం నుంచి లారీ నిండా వేరుశనగ కట్టె, అంటే కాయలు తీసేసిన ఎండు చెట్లు, తెస్తున్నారు, మేత జారకుండా ఒక మనిషి పైన కూర్చోవడం మా వైపు మామూలే, లారీ గుంతలో ఎగిరిపడేసరికి ఈయన కింద పడ్డాడు. ఎడమ పక్కటెముకల మీద దెబ్బ. అయినా నడుచుకుంటూనే వచ్చి, మిషన్ చూసి నవ్వాడు.

"ఇది కడుపుతో ఉండే ఆడోళ్లకు కదా డాక్టరమ్మా, నాకెందుకు?"

నాలుగు చోట్లా చూశాను. ఎక్కడా నలుపు లేదు. నొప్పి ఉందా అని అడిగితే, "ఏం లేదమ్మా, బయట లారీ నిలబడి ఉండాది, ఆడ గొడ్లు పస్తుండాయి, నన్ను పంపించు" అన్నాడు. కరువు సీమ రైతు గొడ్ల ఆకలి ముందు తన నొప్పి చెప్పుకోడని ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు! మా నర్సు సుగుణమ్మ, గంట ఉంచి ఇంకోసారి చూద్దాం మేడం అని మెల్లగా అంది. నేను చూశాక మళ్లీ ఏముంటుంది అని కసిరి, ఆయన్ని పంపించేశాను.

మధ్యాహ్నం అదే లారీలో తెచ్చారు. మేత దించి, గొడ్ల ముందు వేసి, అక్కడే కూలబడ్డాడట. ముఖం పాలిపోయింది, నాడి అందడం లేదు. మిషన్ పెడితే పొట్ట నిండా నలుపే! ఆపరేషన్ బల్ల మీదికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

ఆయన భార్య నాగమ్మ వరండాలో నన్ను ఆపింది. "పొద్దున ఆ మిషన్లో కనపడలేదా డాక్టరమ్మా?" అని అడిగింది. "లేదమ్మా, చూడాల్సిందంతా చూశాను" అన్నాను.

ఆ రోజు నుంచి నా చేతులకు వణుకు పట్టుకుంది సహోదరులారా. ఏ పొట్ట మీద మిషన్ పెట్టినా నలుపే కనిపించేది, నా కళ్లను నేనే నమ్మలేక, ఇక్కడే నయమయ్యేవాళ్లను కూడా అనంతపురం పంపించేసేదాన్ని. చచ్చిపోతే బాగుండుననిపించేది. ప్రభువా, ఈ వణుకు తీసెయ్యి అని నెలల తరబడి ఏడ్చాను, పోలేదు. చివరికి ఒక ఆదివారం ఆరాధనలో మోకాళ్ల మీద ఉండగా నా నోట వేరే ప్రార్థన వచ్చింది. "తండ్రీ, నేను అడగాల్సింది నా చేతుల గురించి కాదు. అబద్ధమాడిన నా నోరు విప్పు, ఆమె దగ్గరికి నన్ను నడిపించు."

మరునాడే బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. నాగమ్మ గొడ్లకు కుడితి పెడుతోంది. గంట ఆగి మళ్లీ చూడాల్సింది, చూడలేదు, గర్వంతో పంపించేశాను, నీతో అబద్ధం చెప్పాను అని చెప్పేశాను. ఆమె చేతిలోని కుడితి బకెట్టు కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఇప్పుడొచ్చి చెప్తే ఆయప్ప తిరిగొస్తాడా?" అంది. "నీ బరువు ఈడ దించి పోతాండావు. నా బరువు నేను యాడ దించుకోవాల? పోమ్మా. ఇంకెవరినీ అట్ల పంపించొద్దు, కాళ్లు పట్టుకున్నా పంపించొద్దు."

నా చేతుల వణుకు ఆ వారంలోనే పోయింది, దేవునికే మహిమ! కొన్నాళ్లకు ట్రాక్టరు తిరగబడి లక్ష్మీదేవి అనే కూలీ వచ్చింది, మొదటిసారి చూస్తే ఏమీ లేదు, ఇంటికి పోతానని నిజంగానే కాళ్లు పట్టుకుంది, పంపలేదు. పక్కనే కూర్చుని మళ్లీ చూశాను, ఇంకా చూశాను. మూడోసారి ప్లీహం దగ్గర సన్నటి నల్లగీత! వెంటనే ఆపరేషన్ చేశారు, ఆమె బతికింది.

మీలో ఎవరైనా ఒక నిజాన్ని దాచుకుని కుమిలిపోతుంటే, ప్రభువును నమ్మి ఈ రోజే లేచి ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. వాళ్లు ముఖం తిప్పుకున్నా ఆయన మీ చెయ్యి వదలడు. నాగమ్మ మాత్రం నన్ను ఈనాటికీ క్షమించలేదు. క్షమించిందని చెబితే మీకూ నాకూ బాగుండేది, కానీ ఆమె పేరు మీద ఇంకో అబద్ధం ఆడలేను.