ఉల్లత్త ఎడమ కన్ను

ఉల్లిపాయ కోస్తే రెండు కళ్ళూ నీళ్ళు కార్చాలి. ఉల్లత్తకు కుడి కన్ను మాత్రమే కార్చేది. ఆ సంగతిని ఆమె చాలాకాలం గొప్పగా చెప్పుకుంది.

బస్సుల షెడ్డు వెనక వీధిలో ఒక భోజన హోటలు, దాని వెనక ఇరుకు గది, అందులో ఒక చెక్క పలక, గోనె సంచులు, వీధిలోకి ఒక తలుపు. పెళ్ళైన కొత్తలో అక్కడ పనికి కూర్చుంది. పక్కనే పొయ్యి దగ్గర ఆమె తోడికోడలు. ఉల్లత్త కత్తి అరిగి అరిగి చిటికెన వేలంత సన్నబడింది గాని పదును తగ్గలేదు. మొద్దు కత్తి ఉల్లిని నలుపుతుంది, నలిగితేనే ఘాటు లేస్తుంది అనేది. వేరు ముడిని చివరిదాకా ముట్టేది కాదు. నేను చాలా దేశాల వంటిళ్ళు చూశాను. ఈ రెండు సూత్రాలు తెలియని చోట వంటవాళ్ళ ముక్కులు ఎర్రగా ఉంటాయి.

ఆ వీధి తలుపు దగ్గర ఆమెకు ఇంకో ఉద్యోగం ఉండేది, జీతం లేనిది. గొంతు గరగరలాడేవాడికి ఉల్లి ముక్కల మీద తేనె పోసి, ఊరిన రసం చెంచాడు ఇచ్చేది. "దగ్గు పోతుందని చెప్పను నాయనా, గొంతు మెత్తబడుతుంది, అంతే." కందిరీగ కుట్టినవాడికి కోసిన ముక్కతో రుద్దేది. సెగ్గడ్డకు కాల్చిన ఉల్లిపాయ గోరువెచ్చగా కట్టేది. బస్సులో కడుపు తిప్పే వాళ్ళకు వాసన చూడమని సగం చెక్క ఇచ్చేది. బట్టతల కండక్టరు ఒకాయన రసం పట్టిస్తే జుట్టు మొలుస్తుందా అని అడిగితే, "మొలవడం సంగతి నాకు తెలీదు, మీ ఆవిడ మాత్రం వేరే గదిలో పడుకుంటుంది" అంది. ఆయన పట్టుకెళ్ళాడు. రెండూ జరగలేదని తర్వాత వచ్చి చెప్పాడు.

ఎడమ కన్ను ఎండిపోయిన మొదట్లో తోడికోడలు నవ్వింది. "అక్కా, నీ కన్ను ఉల్లిపాయతో రాజీ పడ్డట్టుందే!"

"ఇన్నేళ్ళ కాపురం మరి. మీ బావగారితో కుదరంది దీనితో కుదిరింది."

నిజానికి ఉల్లి నీళ్ళు ఏడుపు కాదు, కడుగుడు. ఘాటు కంటికి తగిలితే మంట పుడుతుంది, ఆ మంట కబురు అందుకుని కన్ను నీళ్ళు పంపి కడిగేసుకుంటుంది. కబురే అందకపోతే నీళ్ళూ ఉండవు. పాతకాలపు ఈజిప్టులో ఒక రాజు శవానికి కళ్ళ మీద చిన్న చిన్న ఉల్లిపాయలు పెట్టారని ఎక్కడో చదివాను. ఆ కళ్ళు కూడా నీళ్ళు కార్చి ఉండవు.

కొన్నాళ్ళకు ఆ కంటికి మసక కమ్మింది. పలక అంచు రెండుగా కనపడేది. ఒకరోజు ఉల్లితోపాటు వేలూ తెగింది. యజమాని చూసి, "కొన్నాళ్ళు గిన్నెలు తోముకో, కత్తి ఇంకొకరికి ఇద్దాం" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే ఆమెకు గుచ్చుకుంది. ఆ కత్తి పోతే ఆ తలుపూ పోతుంది. గిన్నెల తొట్టి దగ్గరికి వైద్యం కోసం ఎవరొస్తారు?

వాళ్ళ అత్తగారు కళ్ళు తేటపడాలని ఉల్లి రసం చుక్కలు వేసుకునేదట. అది గుర్తొచ్చి ఉల్లత్త ఒక పాయ దంచి, గుడ్డలో పిండింది.

"అక్కా, నీకేమైనా పిచ్చా? కళ్ళు పోతాయి!"

"పోయేది ఎలాగూ పోతోంది. నువ్వు వెయ్యి. మండితే అరుస్తాను, బెదిరి చెయ్యి వణికించకు."

వద్దు వద్దంటూనే తోడికోడలు ఒక చుక్క వేసింది. ఉల్లత్త పీట అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఊఁ, వెయ్యవే."

"వేశాను."

"ఎక్కడ పడింది?"

"కంట్లోనే అక్కా. నువ్వు రెప్ప కూడా ఆడించలేదు."

ఉల్లత్త ఆ గుడ్డను కుడి కంటి దగ్గరికి తెచ్చుకుంది. అది బొటబొటా కారింది. అంటే ఉల్లిలో లోపం లేదు. ఆమె ఎడమ కంటిని మంచినీళ్ళతో కడుక్కుని, కత్తి తుడిచి గూట్లో పెట్టి, "పద, ఆస్పత్రికి" అంది. ఉల్లి మందు పని చెయ్యలేదని ఆమె భయపడలేదు, మండలేదని భయపడింది.

కంటి డాక్టరమ్మ దూది కొసను పోగులా తీసి కనుగుడ్డుకు తాకించింది. కుడి కన్ను తాకకముందే మూసుకుంది. ఎడమది దూదిని ఊరికే చూస్తూ ఉండిపోయింది.

"ఈ వైపు నుదుటి మీద పొక్కులతో అక్కి లేచిందా ఎప్పుడైనా?"

"పోయినేడు. తగ్గిపోయిందండీ."

"పైన తగ్గింది. లోపల నరం దెబ్బతింది. గుడ్డు మీద పుండు పడినా మీకు తెలియలేదు. దాని మీద ఉల్లి రసం ఎవరు పొయ్యమన్నారమ్మా?"

"నేనే."

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదండీ."

"వాళ్ళ అదృష్టం."

రెప్ప మూసి ప్లాస్టరు వేసి, చుక్కల మందు వేస్తూ వేస్తూ ఉండగా పుండు మానింది. మసక కొంత మిగిలింది. కన్నీరు మాత్రం తిరిగి రాలేదు. ఉల్లత్త కళ్ళద్దాలు పెట్టుకుని, పలకను కుడి కంటి వైపుకు జరుపుకుని, యజమాని ముందే ఒక బుట్టెడు కోసి చూపించింది. ఆయన ముక్కలు వేళ్ళతో కెలికి చూసి, ఇంకో బుట్ట ఆమె వైపు జరిపాడు. కత్తి ఆమె దగ్గరే ఉండిపోయింది.

వీధి తలుపు దగ్గరికి మళ్ళీ జనం రావడం మొదలుపెట్టారు. ఒక డ్రైవరు అరికాలు ఎత్తి చూపించాడు. బొటనవేలి కింద పుండు, చుట్టూ నల్లగా ఉంది.

"అత్తా, ఉల్లిపాయ కాల్చి కట్టవా?"

"నొప్పిగా ఉందా?"

"అదే కదా విశేషం! ఇంత పుండుకూ ఒక్క పిసరు కూడా నొప్పి లేదు. మనది గట్టి ఒళ్ళు."

ఆమె కత్తి పక్కన పెట్టింది. తోడికోడలితో, "కాసేపు ఇటు చూడవే" అని లేచింది.

"ఉల్లిపాయ కోసమా అత్తా?" అన్నాడు డ్రైవరు.

"నొప్పి లేని పుండుకు నా దగ్గర మందు లేదు. చెప్పులేసుకో. నేనూ వస్తాను."