బస్టాండు సీను గురించి నేనన్న మాట

ఈమధ్య వస్తున్న సినిమాల మీద నాకు కోపం ఎక్కువ. హీరో కారు దిగి గుమ్మం దాకా నడవడానికి ఐదు నిమిషాలు తీసుకుంటున్నాడు. ఇంటర్వెల్ వస్తోందంటే యాభై మంది గాల్లోకి లేవాలి, తెరంతా ఎర్రబడాలి. కథ ఏదయ్యా అంటే రెండో భాగంలో చూసుకోమంటారు. రెండో భాగానికి వెళ్తే మూడోది ఉందంటారు. ఆ మోతకు బయటికొచ్చాక కూడా గంటసేపు చెవులు గుయ్యిమంటాయి. ఇన్ని తిట్టినా శుక్రవారం వచ్చిందంటే నా కాళ్లు థియేటర్ దిక్కే పోతాయి. వరంగల్ చౌరస్తా దగ్గర నాకు రంగుల దుకాణం ఉంది. శుక్రవారం మధ్యాహ్నం దాకా నేను దొరకనని మా బజారులో అందరికీ తెలుసు. నేను వచ్చాక పక్క దుకాణాల వాళ్లు "ఎట్లుందే?" అని అడుగుతారు. నేను బాగాలేదంటే వాళ్లు సాయంత్రం ఆట మానుకుంటారు. ఆ సంగతి నాకు లోలోపల గర్వంగా ఉండేది.

నాతో సినిమాకు వచ్చేది ఒక్కడే. కాజీపేటలో ఉంటాడు, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. బడి ఎగ్గొట్టి నేల టికెట్టుకు వెళ్లిన రోజుల నుంచి దోస్తులం. నేను తిడతాను, అతను వెనకేసుకొస్తాడు. ఎంత చెత్త సినిమా అయినా "పాపం, కష్టపడి తీసిండ్రురా" అంటాడు. అతనికి ఒక్కతే బిడ్డ. డిగ్రీ అయ్యాక సినిమా ఎడిటింగ్ నేర్చుకుంటానని హైదరాబాద్ వెళ్లింది. ఏడెనిమిదేళ్లుగా ఎవరి దగ్గరో అసిస్టెంటుగా చేస్తోందని తెలుసు గానీ, ఎవరి దగ్గర, ఏ సినిమా అని నేనెప్పుడూ అడగలేదు. చిన్నప్పుడు మా ఇద్దరి మధ్య సీటు దానిదే. నన్ను మామా అంటుంది.

కిందటేడాది ఒక గురువారం సాయంత్రం దోస్తు ఫోన్ చేశాడు.

"రేపు నేను రాన్రా. హైదరాబాద్‌ల పనుంది. నువ్వు మాత్రం ఆ చిన్న సినిమా సూడు. సూసి ఎట్లుందో చెప్పు."

"పెద్ద సినిమా ఉండంగ దాన్నెవ్వడు సూస్తడురా?"

"జర సూడురా. నా కోసం."

సరేనన్నాను. తెల్లారి దుకాణానికి లోడు రావడంతో ఆలస్యమైంది. పేర్లన్నీ పడిపోయాక లోపలికి వెళ్లాను. హాల్లో నలభై మంది ఉంటారేమో. కథ పెద్దగా ఏమీ లేదు. ఊళ్లో ఒక తండ్రి, చదువుకునే ఒక బిడ్డ. సెకండాఫ్‌లో ఆయన బిడ్డను హాస్టల్‌కు పంపడానికి బస్టాండుకు వస్తాడు. బస్సు వెళ్లిపోతుంది. ఆయన అక్కడే నిలబడి ఉంటాడు. సంగీతం లేదు, మాట లేదు. అదే చోటికి ఇంకో బస్సు వచ్చి, జనాన్ని ఎక్కించుకొని పోతుంది. ఆయన ఇంకా అక్కడే ఉంటాడు. ఓసారి జేబు తడుముకుంటాడు, ఏమీ తియ్యడు.

నాకు ఏడుపొచ్చింది. చాలా ఏళ్ల తర్వాత సినిమాలో వచ్చిన ఏడుపు అది. చేతిరుమాలు తీశాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఎవరో "ఇంటికి పోరాదే తాతా" అని అరిచారు. హాలంతా నవ్వింది. రుమాలు మడిచి జేబులో పెట్టుకొని నేనూ నవ్వాను.

బయట మెట్ల మీద ఛానల్ వాళ్లు మైకులు పట్టుకొని ఉన్నారు. పబ్లిక్ టాక్ కోసం ప్రతి శుక్రవారం వస్తారు, నేనంటే వాళ్లకు మోజు. నా కళ్లు ఇంకా మండుతున్నాయి. అరవై దాటిన మగవాడు ఏడ్చాడని ఊరు చూడటం నాకు ఇష్టం లేదు. "ఎట్లుంది కాకా?" అని మైకు ముందు పెట్టగానే నోటికొచ్చింది అనేశాను.

"ఆ ఎడిటరుకు ఎవరన్న ఒక కత్తెర కొనియ్యుండ్రి. బస్టాండ్ల ఆయన నిలవడ్డంత సేపట్ల నేను కాజీపేటకు పోయి ఛాయ్ తాగి వాపస్ వస్త."

చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వారు. నాకు హాయిగా అనిపించింది. సాయంత్రానికల్లా ఆ ముక్క అందరి ఫోన్లలో తిరిగింది. డబ్బా ప్రైమర్ కోసం వచ్చిన వాళ్లు కూడా "కత్తెర కాకా" అంటూ పలకరించారు. దోస్తు ఒక్కడే ఫోన్ చేయలేదు. శనివారం నేను చేస్తే ఎత్తలేదు. ఆదివారం ఆటో ఎక్కి కాజీపేట వెళ్లాను.

తలుపు తీసింది అతని భార్య. ఆమె నన్ను అన్నా అంటుంది, ఏనాడూ నీళ్లివ్వకుండా మాట్లాడింది లేదు. ఆ రోజు గుమ్మంలోనే చెప్పింది.

"అన్నా, ఆ సినిమా మన పిల్లనే ఎడిటింగ్ చేసింది. దానికి మొదటి సినిమా."

గుమ్మం బయటే చెప్పులు విడిచాను. లోపల దోస్తు మంచం మీద కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ముందుగాల ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్తే నువ్వు ఊకనే బాగుందంటవ్. పరాయోని లెక్క సూసి నువ్వేమంటవో ఇందామనుకున్నం, నేనూ బిడ్డా. అక్కడ దాని రూముల కూసొని నీ ఫోన్ కోసమే సూసినం. ఫోన్ రాలే, వీడియో వచ్చింది."

"నాకు ఆ సీనుకు ఏడుపొచ్చిందిరా. ఒట్టు. సిగ్గయ్యి గట్ల అన్న."

అతను నా ముఖంలోకి చూశాడు. నమ్మాలని అతనికీ ఉంది, అది నాకు కనిపించింది.

"ఇప్పుడు గట్ల అనకురా," అన్నాడు మెల్లగా. "నువ్వు సినిమా గురించి అబద్ధం చెప్పవని బిడ్డకు నేనే చెప్పిన. గదే ఉండనీ."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అనేది. ఆ మాట ఇతరులకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అన్నది అబద్ధమని ఒప్పుకుంటుంటే, ఆ ఒప్పుకోలే అబద్ధంలా వినిపిస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఛాయ్ తాగకుండానే వచ్చేశాను.

బిడ్డకు ఫోన్ చేయడానికి మూడు రోజులు ధైర్యం చాలలేదు. బుధవారం చేశాను. అప్పటికే వరంగల్‌లో ఆ సినిమా ఎత్తేసి, పెద్ద సినిమాకు ఇంకో ఆట కలిపారు. బిడ్డ నన్ను నిష్ఠూరంగా ఏమీ అనలేదు.

"నువ్వొక్కనివే అన్లే మామా. సాగదీసిండ్రని శాన మంది అన్నరు. సోమవారం ఆఫీసుకు పిలిచి నీ వీడియో సూపెట్టిండ్రు. ఆ సీను తియ్యమన్నరు. తీసేసిన."

"నువ్వే తీసినవా బిడ్డా?"

"ఎడిటర్‌ని నేనే గదా మామా. అది అసలు సీనే గాదు తెలుసా. కట్ చెప్పినంక గూడ కెమెరా నడుస్తనే ఉన్నది. ఆయనకు తెల్వక అట్లనే నిలవడ్డడు. పారేసే దాంట్లకెల్లి నేనే ఏరుకున్న. నేను మొదటిసారి హైదరాబాద్ పోయిన్నాడు డాడీ కాజీపేట ప్లాట్‌ఫాం మీద అట్లనే నిలవడ్డడు. నేను డోర్ల నిలవడి కనవడ్డంత సేపు సూసిన. నువ్వు గూడ పక్కకే ఉంటివి."

ఉన్నాను. బండి కదిలిపోయాక దోస్తు పట్టాల దిక్కు చూస్తూ ఉండిపోయాడు. "నడువురా, మ్యాట్నీకి టైమైతాంది" అని చెయ్యి పట్టి లాక్కొచ్చింది నేనే. ఆ రోజు ఏ సినిమా చూశామో కూడా గుర్తు లేదు. ఫోన్లో దానికి నా ఏడుపు సంగతి చెప్పబోయి మానుకున్నాను. వాళ్ల డాడీ నమ్మనిది అది మాత్రం ఎలా నమ్ముతుంది.

ఇప్పుడు దోస్తు శుక్రవారాలు రావడం లేదు. మోకాళ్లు నొప్పులంటాడు. పండక్కి మాట్లాడతాడు, పెళ్లిళ్లలో కలిస్తే పక్కనే కూర్చొని తింటాడు, నా బీపీ గోలీల గురించి అడుగుతాడు. సినిమా మాట మాత్రం తీయడు. నేను ఒక్కణ్నే వెళ్తున్నాను. పక్క సీటు మీద ఎవరో పాప్‌కార్న్ డబ్బా పెడతారు, నాకు మంట పుడుతుంది, ఏమీ అనను. మైకుల వాళ్లు కనిపిస్తే వెనక గేటు నుంచి బయటపడతాను. బజారులో అడిగితే "మీరే సూడుండ్రి" అంటున్నాను. వాళ్లకు నాకేదో అయిందని అనుమానం.

ఆ సినిమా నెల తిరగకుండానే ఓటీటీలోకి వచ్చింది. ఓ మధ్యాహ్నం భోజనమయ్యాక టీవీలో పెట్టాను. మా ఆవిడ మెంతికూర ఆకులు తెంపుతూ పక్కన కూర్చుంది. ఆమెకు ఈ గొడవంతా నేను చెప్పలేదు, అందరిలాగే వీడియో చూసి నవ్వింది, అంతే. ఈసారి మొదటి నుంచీ చూశాను. నల్ల తెర మీద బిడ్డ పేరు పడింది, రెండు క్షణాలు ఉండి పోయింది. సెకండాఫ్ వచ్చింది. తండ్రి సంచి అందించాడు, బస్సు కదిలింది, వెంటనే హాస్టల్ గది. నేను రిమోట్‌తో వెనక్కి తిప్పాను. సంచి, బస్సు, హాస్టల్ గది. మళ్లీ తిప్పాను. ఆ మూడు నాలుగు రోజుల్లో హాళ్లకు వచ్చినవాళ్లే దాన్ని చూశారు, నాతో ఉన్న నలభై మంది నవ్వారు, ఇక దాన్ని ఎవరూ చూడబోరు.

"ఎందుకట్ల తిప్పుతాన్నవ్?" అంది మా ఆవిడ.

"ఇక్కడ ఒకాయన నిలవడి ఉండే."

ఆమె ఆకులు పక్కన పెట్టి, తెర దిక్కు కళ్లు చిట్లించి చూసింది. "ఏడీ, ఎవ్వలు లేరు గదా," అంది.

నేనే పంపేశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.