ఏరని జొన్నలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జొన్నలు రెండు చోట్ల ఉండేవి. తినేవి కుండలో, విత్తనానివి వేపాకు కలిపిన గంపలో. ఎంత ఆకలైనా గంప జోలికి పోకూడదని మా నాయనమ్మ కట్టడి.

తొర్రూరు దగ్గర పల్లె మాది. నవాబు ఏలుబడి చివరి రోజులు. యుద్ధం, సైన్యానికి తిండి కావాలి అంటూ సిపాయిలు పేదల ఇళ్లు ఊడ్చుకుపోయేవారు. గడీలో దొర గరిసెలు నిండుగా ఉన్నా అటు తొంగి చూసేవారు కాదు. తలచుకుంటే ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది.

ఒక పొద్దున మా వాడ మీద పడ్డారు. మా నాయనమ్మ గంపతో సహా వాడ విత్తనమంతా బండికెక్కింది. మిగిలింది పక్కింటి అక్క వాళ్లదే. ఆమెకు పదహారేళ్లు ఉంటాయేమో, తండ్రి లేడు. సిపాయిలు వాకిట్లోకి రాగానే గంప నెత్తిన పెట్టుకొని ఇంటి వెనక చెలకలోకి పరుగెత్తింది. ఇంకా వాన పడలేదు. అయినా ఆ పొడి దుక్కిలోనే జొన్నలన్నీ జల్లేసి కాలితో మట్టి కప్పింది.

సిపాయిల జమేదారు వెంటబడి వచ్చాడు. "సర్కారు గింజలను మట్టిల పోస్తవానే పోరీ? ఒక్కొక్కటి ఏరు!"

"విత్తిన గింజ ఎత్తరు. కావాల్నంటె పంటకు రా, కోసి పెడ్త" అంది అక్క.

చేయి విరిగేలా కొట్టాడు. ఆమె ఏరలేదు. తమ చేతులతో ఏరడానికి సిపాయిలకు పరువు అడ్డం వచ్చింది. వాడ జనాన్ని పిలిపించి ఏరమన్నారు. గడీ ముందు జన్మంతా వంగి బతికిన మనుషులు. మా తాతయ్య ముందుకొచ్చి, చేతులు కట్టుకొనే, "నడుము పట్టింది సర్కార్" అన్నాడు.

"నాకు నిన్నటిసంది పట్టే ఉన్నది" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఒక్కరి నడుమూ వంగలేదు. ఎంతమందినని కొడతాడు? తిట్టుకుంటూ బండి తోలించుకుపోయాడు.

వాన వచ్చేదాకా పిల్లలమంతా ఆ చెలకలో పిట్టలను తోలాం. సగమే మొలిచింది. మరుసటి ఏడు వాడంతా విత్తింది ఆ సగం పంటనే. అక్క ఎడమ చేయి మాత్రం మళ్లీ తిన్నగా రాలేదు.

నా బడి చదువు మూడో తరగతితో ఆగింది. మిగతాదంతా హనుమకొండ గ్రంథాలయంలో కూర్చొని నాకు నేనే నేర్చుకున్నాను. ఆ కాలం గురించి అక్కడ దొరికిన పుస్తకాలన్నీ చదివాను. నవాబు ముత్యాల గురించి పేజీలకు పేజీలు. అక్క చేయి గురించి ఒక్క వాక్యం లేదు. నగలు తూచిన వాళ్లకు విత్తనం బరువు తెలియలేదు.

ఇప్పటికీ పెద్ద కుర్చీలో కూర్చున్నవాడెవడైనా అన్యాయానికి వంగమంటే, నా నోట మా తాతయ్య మాటే వస్తుంది. నడుము పట్టింది సర్కార్.