ఎదురు మనిషి లేని ఆట

పెళ్లయిన కొత్తలో మా అమ్మ నాకొక మాట చెప్పింది. తాగేవాణ్ణి మార్చుకోవచ్చు, తిరిగేవాణ్ణి మార్చుకోవచ్చు, ఆటపిచ్చివాణ్ణి మాత్రం అల్లా కూడా మార్చలేడని. మా ఆయన చోటే సాబ్ తాగడు, తిరగడు. అదే నా ఖర్మ.

ఆదోనిలో మాది దూదేకే ఇల్లు. మిల్లుల దగ్గర పత్తి తెచ్చి ఆయన ఏకితే నేను పరుపులూ బొంతలూ కుడతాను. పొద్దు వాలేసరికి ఆయన ఏకే విల్లు గోడకు తగిలించి, మీసాల్లో ఇరుక్కున్న దూది దులుపుకుని, వాకిట్లో బండ మీద కూర్చునేవాడు. ఆ బండ మీద మా మామ చెక్కించిన పులిజూదం గీతలున్నాయి. మూడు గులకరాళ్లు పులులు, చింతగింజలు మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని తింటుంది. మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేయాలి. ఒకరు ఒక ఎత్తు వేసి చెయ్యి వెనక్కి తీసుకుంటే, అప్పుడు రెండోవారి వంతు. ఎదుటివాడు ఎంతసేపు ఆలోచించినా తొందరపెట్టకూడదు. అది మర్యాద.

ఎదుట కూర్చునేది ఎప్పుడూ ఉరుకుందప్పే. పత్తి ప్రెస్సులో బేళ్లు కట్టే మనిషి. ఆకారం ఏనుగంత, మాట చీమంత. నేను కాపురానికి వచ్చేనాటికే వాళ్లిద్దరూ ఆ బండకు చెరోవైపు పాతుకుపోయి ఉన్నారు. మా వీధిలో ఆ ఆటకు ఇంకో పద్ధతి కూడా ఉంది. ఓడినవాడు లేచి నిలబడి, వీధంతా వినేట్టు ‘మే’ అని మేకలా అరవాలి. మా ఆయన ఓడేది ఎప్పుడో ఏడాదికొకసారి. మిగతా రోజులన్నీ అరిచింది ఉరుకుందప్పే. ఎదురింటి హులిగెమ్మ, “మా మేక తప్పిపోయి మీ ఇంటికొచ్చిందా అక్కా?” అని అక్కణ్ణుంచే అడిగేది. అందరం కడుపుబ్బ నవ్వేవాళ్లం.

ఎనభయ్యారులో, వానలు మొహం చాటేసిన ఆ ఏడు, ఉరుకుందప్ప రావడం మానేశాడు. మొదటిరోజు జ్వరమేమో అనుకున్నాం. తర్వాత ఏ ఊరికైనా పోయాడేమో అనుకున్నాం. పండగ వచ్చి పోయింది, మనిషి జాడ లేదు.

ఇక చూడాలి నా పాట్లు. సాయంత్రమైతే ఈయన కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరగడం. కూరలో ఉప్పెక్కువన్నాడు, కుట్టు వంకరన్నాడు. పత్తిలో గింజలుంటే అవి కూడా నేనే పెట్టానన్నాడు. ఒకరోజు రెండువైపులా తనే కూర్చుని ఆడి, తొండి చేశానని తనమీద తనే విసుక్కున్నాడు. నన్ను వచ్చి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. నేను రాయి ముట్టుకునేలోపే “ఆడ కాదే, ఈడ పెట్టు” అంటూ నా ఎత్తు కూడా ఆయనే వేశాడు. లేచిపోయి గిన్నెలు తోముకున్నాను. ఉరుకుందప్ప తిరిగి రాకపోతే ఈ మనిషితో నేను వేగలేను, ఈయనతో ఈయనే వేగలేడు. ఆ సంగతి నాకు ఆ పూటే తెలిసిపోయింది.

ఆచూకీ తెచ్చింది హులిగెమ్మే. “మీ ఉరుకుందప్పన్న టేసన్ కాడ పుల్లన్న కొట్లో ఉంటాడక్కా. పొద్దు మునిగితే ఆడే,” అంది.

పుల్లన్నది అంతకుముందు అద్దె సైకిళ్ల కొట్టు. సైకిళ్లు తీసేసి, బొంబాయి నుంచి వీడియో గేముల పెట్టెలు దించి, వాకిలికి పరదా కట్టాడట. ఆ మాట వినగానే మా ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నన్నిడిసిపెట్టి పెట్టెతో ఆడతాండాడా? దాంట్లో ఏముందో నేనూ సూసొస్తా,” అన్నాడు. ఉరుకుందప్ప పనిలో ఉండే వేళ చూసుకుని బయలుదేరాడు. ఎదురుపడి అడగడానికి నామోషీ.

తిరిగొచ్చాక, “ఏముందంట దాంట్లో?” అని అడిగాను.

“నా తలకాయ ఉంది,” అన్నాడు.

నీళ్లు తాగాక కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. అద్దంలో పైన వరుసగా పురుగులు. కింద మనకొక చిన్న బండి. పుల్ల పట్టుకుని బండిని జరపాలి, మీట నొక్కితే గుండు పోతుంది. ఈయన బండిని జరిపాడు. ఒక గుండు వేశాడు. చెయ్యి తీసి పద్ధతిగా మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు వాళ్ల వంతు కదా. ఆ పురుగులకు వంతూ లేదు, వరసా లేదు. మీదపడి బండిని కాల్చిపారేశాయి. రెండో బండి వచ్చింది. మళ్లీ ఒక గుండు, మళ్లీ చెయ్యి మోకాలి మీద. మూడోదీ అట్లాగే పోయింది.

“సెయ్యి తీస్తే యాట్లప్పా? ఆడతానే ఉండాల,” అన్నాడట పుల్లన్న.

“మరి అవతలోడు ఎప్పుడు ఆడతాడు?”

“అవతల ఎవురూ లేరు.”

“ఎవురూ లేకుంటే నన్ను సంపిందెవురు?”

మళ్లీ ఆడాలంటే ఇంకో రూపాయి బిళ్ల వెయ్యమన్నాడట పుల్లన్న. అంతా విన్నాక ఉండబట్టలేక, “ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కత,” అన్నాను. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

రెండోసారి పోయినప్పుడు కారు ఆట. చక్రం పట్టుకుని తిప్పుతూ ఉంటే దారి మీదికొస్తుందట. మలుపు దగ్గర మెల్లగా పోవడం మనకు తెలిసిన పద్ధతి. మెల్లగా పోతే వెనకవాళ్లు గుద్దేస్తారు, జోరుగా పోతే దారి తప్పి గడ్డిలో పడతాం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎటు పోతున్నాడో తెలియకుండా పోయాడు. పోగా పోగా చెయ్యి కుదిరింది. ఇంకాసేపుంటే గట్టెక్కేవాణ్ణి అనుకుంటుండగా కరెంటు పోయింది. ఆదోని కరెంటు సంగతి తెలియనిదేముంది. ఆట మళ్లీ మొదటినుంచి ఆడుకోవాలన్నాడు పుల్లన్న.

అంతటితో అయినా బాగుండేది. మార్కెట్ యార్డు హమాలీలు కొందరు ఈయన భుజాల మీద వాలి సలహాలు చెబుతున్నారట. కారు నాలుగోసారి పల్టీ కొట్టగానే వెనకనుంచి ఎవడో ‘మే’ అన్నాడు. కొట్టంతా గొల్లుమంది. పరదా తోసుకుని బయటపడి తలొంచుకుని ఇంటికొచ్చాడు.

“ఇంక ఆదోనిలో ఆ పెట్టె ముట్టను,” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ‘ఆదోనిలో’ అన్న మాట నేను పట్టించుకోలేదు.

జనవరిలో ఎమ్మిగనూరు జాతర. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఒక్కసారీ జాతరకు తీసుకుపోని మనిషి, “జహీరా, పోదాం పద,” అన్నాడు. అప్పుడే అనుమానపడాల్సింది. కొత్త గాజుల మీద ఆశతో బస్సులో నలిగి నుజ్జయి దిగాను. దిగీ దిగగానే గాజుల అంగళ్లూ మిఠాయి అంగళ్లూ దాటించి, రంగులరాట్నం పక్కన వీడియో గేముల గుడారంలోకి లాక్కుపోయాడు.

“ఈడైతే మనల్ని ఎవురూ ఎరగరు,” అన్నాడు.

మొదట గోడ కూల్చే ఆట. కింద ఒక చెక్క ఉంటుంది, దాంతో బంతిని కొడితే పైనున్న ఇటుకలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఇది మనుషులాడే ఆటలా ఉందన్నాడు. చెమటలు కక్కుతూ గోడంతా కూల్చేశాడు. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. రెప్ప వేసి తెరిచేలోగా అదే గోడ మళ్లీ నిలబడింది.

“కూల్సినా గదా, మళ్లా ఇదేంది?”

“ఇప్పుడు బంతి ఇంకా జోరుగా వస్తాది,” అన్నాడు గుడారం మనిషి.

“మరి గెలిసేదెప్పుడు?”

“గెలిసేదుండదప్పా. ఎంతసేపు నిలబడితే అంత.”

ఓడిపోయేదాకా ఆడేది కూడా ఒక ఆటేనా అని గొణుక్కుంటూ పక్క పెట్టె దగ్గరికి పోయాడు. అందులో ఏరు, ఏట్లో బండరాళ్లు, వాటి మధ్య పడవ. ఈయన పుల్ల పట్టుకున్నాడో లేదో పడవ ఒక్క రాయి తగలకుండా తప్పించుకుంటూ పోతోంది. “సూడవే, సూడు,” అని నన్ను మోచేత్తో పొడిచాడు. నిజంగానే నాకు ఆశ్చర్యమేసింది. చుట్టూ చూశాను, ఎవరైనా చూస్తే బాగుండునని కూడా అనుకున్నాను. గుడారం మనిషి వచ్చి, “అప్పా, ఇంకా బిళ్ల ఎయ్యలేదు. అది దానంతటదే ఆడుకుంటాంది,” అన్నాడు. నవ్వు ఆపుకోవడం నావల్ల కాలేదు.

అబద్ధమెందుకు, నేనూ ఒకసారి ఆడాను. పురుగుల ఆట. పాత పరుపులు విప్పి కుట్టేదాన్ని, పురుగుల్ని చంపడం నాకు కొత్తా? గబగబా చంపాను. ఒక వరుస పోతే ఇంకో వరుస, అది పోతే ఇంకోటి. కాసేపటికి విసుగొచ్చి వదిలేశాను. ఎంత చేసినా తెగని పని నాకు ఇంట్లోనే బోలెడుంది. దానికోసం ఎమ్మిగనూరు దాకా రావాలా?

అప్పుడు వినిపించింది నవ్వు. మూల పెట్టె దగ్గర ఎవరో పెద్ద మనిషి భుజాలు కదిలిపోయేట్టు నవ్వుతున్నాడు. కారు పల్టీ కొట్టింది, నవ్వాడు. మళ్లీ పల్టీ కొట్టింది, ఇంకా గట్టిగా నవ్వాడు. ఉరుకుందప్ప. ఇన్నేళ్లు మా వాకిట్లో కూర్చున్న మనిషి గొంతెత్తి నవ్వగా నేను వినడం అదే మొదలు.

మా ఆయన పోయి వెనక నిలబడ్డాడు. “బాగా ఆడతావేమో అనుకుంటి,” అన్నాడు.

ఉరుకుందప్ప తిరిగి చూసి, నవ్వు మానేశాడు. “నాకేం రాదు. రోజూ ఓడిపోతాండా.”

“ఓడిపోయేదానికి ఇంత దూరం యాలప్పా? నా కాడ ఓడిపోతాంటివి గదా.”

ఉరుకుందప్ప చక్రం వదల్లేదు. “ఇది నన్ను అరవమనదు చోటే సాబూ,” అన్నాడు.

“అది పద్ధతి గదప్పా. నేను పెట్టినానా?”

“నేను ఆఖరుగా ఆడిన పొద్దు మా వియ్యంకుడుండె. బిడ్డనిచ్చి నెల కాలే. ఆలూరు నుంచి మొదటిసారి వచ్చిండె. ఆయప్ప ముందర నన్ను వీధిలో నిలబెట్టి అరిపిస్తివి. ‘ఈ పొద్దుకు వద్దులే’ అని ఒక్క మాట అనింటే సాలు. నీ మొగం దిక్కు సూసినా. నువ్వు నవ్వుతాంటివి.”

నాకు గుర్తుకొచ్చింది. తెల్ల రుమాలు చుట్టుకున్న ఆయన, మా అరుగు అంచున ముళ్ల మీదున్నట్టు కూర్చున్నాడు. నేనే టీ ఇచ్చాను. సగం తాగి కింద పెట్టేశాడు. మా టీ నచ్చలేదేమో అని నేను ఆ రాత్రి సణుక్కున్నాను కూడా.

మా ఆయన ‘పద్ధతి’ అనబోయి నోరు తెరిచాడు. మాట రాలేదు. పెళ్లయినప్పటినుంచి ఆయన నోరు మూతపడటం కోసం నేను మొక్కని దర్గా లేదు. తీరా మూతపడితే చూడలేకపోయాను.

“పొద్దు పోయింది వదినా, బస్సు దొరకదు, పోండి,” అని ఉరుకుందప్ప మళ్లీ ఆటలోకి తిరిగాడు.

దారి పొడుగునా ఈయన కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చున్నాడు. గాజులు కొనలేదని నేనూ గుర్తుచేయలేదు. ఊరు దగ్గరపడ్డాక, “ఆ వియ్యంకుడు ఏమన్నా అన్యాడంటనా?” అని అడిగాడు.

“నన్నడిగితే నాకేం తెలుసు? పోయి ఆయన్నే అడుగు,” అన్నాను. ఈయన మీద కోపం, ఆ పెట్టెల మీద కోపం, ఇన్నేళ్లుగా పళ్లికిలించిన వీధి మీద కోపం. ఆ వీధిలో నేనూ ఉన్నాను.

తర్వాత ఒకరోజు పని మధ్యలో విల్లు దించి ప్రెస్సు గేటు దగ్గరికి పోయొచ్చాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. ఆ శుక్రవారం సాయంత్రం ఉరుకుందప్ప వచ్చాడు. వచ్చి, ఎప్పుడూ కూర్చునే వైపే కూర్చున్నాడు. మా ఆయన ఒక్క ఉదుటున లోపలికొచ్చి చింతగింజల డబ్బా పట్టుకుపోయాడు.

“ఆట వద్దులే. ఊరికే కూసుందామని వచ్చినా,” అన్నాడు ఉరుకుందప్ప.

ఈయన డబ్బా పక్కన పెట్టేశాడు. ఇక మొదలైంది అసలు అవస్థ. ఇన్నేళ్లుగా ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికీ మాట్లాడుకోవడానికి మాటే లేదు. దూకు, తిన్నా, కట్టేసినా, ఇవి తప్ప వాళ్లు ఏనాడు ఏం మాట్లాడుకున్నారు గనక.

“వానలు లేవు,” అన్నాడు మా ఆయన.

“లేవు.”

“ప్రెస్సుకు పత్తి వస్తాందా?”

“వస్తాంది.”

మళ్లీ ఇద్దరూ వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. గడప లోపల నాకు ఒళ్లు మండిపోతోంది. ఒక్క మాట అనరాదా ఈ మనిషికి, గొంతులో ఏం అడ్డుపడిందని. టీ గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్యా ఠక్కున పెట్టాను. ఈయన నావైపు చూడలేదు. గ్లాసు తీసుకుని, తల ఎత్తకుండా అడిగాడు.

“మీ వియ్యంకుడు బాగుండాడా?”

“బాగుండాడు. ఉగాదికి వస్తాడు.”

“వస్తే ఈడికి పిల్చుకరాప్పా.”

ఉరుకుందప్ప సరేననలేదు. టీ చివరిదాకా తాగి, గ్లాసు కింద పెట్టి, లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

“సూస్తాంలే,” అన్నాడు.